దర్జీ వెనక నా చోటు

మార్చి 12, మంగళవారం. ముసురు. చొక్కాలు ఉతికి గదిలోనే ఆరేశాను.

అక్కా, నా తిండి గురించి బెంగపడకు. పని దగ్గర మంచి శాండ్‌విచ్ కొట్టు దొరికింది. ఏమడగాలో తెలియక నెల రోజులుగా వరుసలో ఒక దర్జీ వెనకే నిలబడి "నాకూ అదే" అంటున్నాను. ఇవాళ ఆయన ఆలస్యమై నేనే ముందు పడ్డాను.

"ఏం పెట్టమంటారు?" అంది కొట్టావిడ. నేను వెనక్కి తిరిగి దర్జీ కోసం చూశాను. ఇంతలో దర్జీ రొప్పుతూ వచ్చి, "ఆయనకేది పెడితే నాకూ అదే! రోజూ నేనే ఆలోచించాలా?" అన్నాడు.

"రొట్టె" అన్నాను. ఇద్దరికీ వట్టి రొట్టే పెట్టింది.

దర్జీ నమల్లేక నములుతూ, "రేపూ మీ వెనకే ఉంటాను, ఆలోచించుకుని రండి" అన్నాడు. నాకేది ఇష్టమో నీకే తెలుసు, వెంటనే రాయి. నీ జవాబు వచ్చేదాకా మాకు వట్టి రొట్టే.

బావకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు. చొక్కాకు ఊడిన బొత్తాం దర్జీకే ఇద్దామనుకున్నాను గానీ, ఏ రంగు దారమని అడుగుతాడేమోనని నేనే కుట్టుకుంటున్నాను.