ఇటలీ ఫాదరు గారి ఇంటిపేరు

ఏలూరు, 1936 ఆగస్టు, ఆదివారం

ఇది రాయకుండా పడుకుందామనుకున్నాను గానీ చిరాకు నిద్ర పట్టనివ్వడం లేదు. మనవరాలికి కుదిరిన భీమడోలు కుర్రాణ్ణి అందరం మేస్త్రి గారి అబ్బాయి అనడమే తప్ప ఇంటిపేరు అడగలేదు. ఇవాళ గుడిలో ఇటలీ ఫాదరు గారు పెళ్లి ప్రకటన చదివితే, అతనిదీ మా ఇంటిపేరేనని తేలింది. అంటే అన్న వరస! ఈ పెళ్లి కుదరదని ఆయనతో చెప్పేశాను.

"మా ఇంటిపేరు బొగ్గులు కాల్చిన పూర్వీకుడి నుంచి వచ్చిందండీ. ఇప్పుడు మా కొండ ఊళ్లో తప్ప ఇటలీలో ఎక్కడా లేదు. మా అమ్మానాన్నలిద్దరిదీ పుట్టుకతో అదే," అన్నారాయన.

"వరస ఎలా కలిసిందండీ?"

"కలవకపోతే నేనెక్కడ పుట్టేవాణ్ణండీ?"

ఆయనకు గోంగూర తినడం నేర్పాను. వాదించడం కూడా నేనే నేర్పినట్టున్నాను. రేపు భీమడోలు వెళ్లి వద్దని చెప్పాలా...

మనవరాలు నాకు అన్నం పెట్టింది. మజ్జిగ పొయ్యకుండా వెళ్లిపోయింది.