నా చెవి వైపు చూసే మనిషి

మే 3, బుధవారం

మెర్వ్ ఇవాళ కూడా నా ముఖం చూడకుండా మాట్లాడాడు. నా ఎడమ చెవి పక్కన ఎవరో నిలబడి ఉన్నట్టు అటు చూస్తూ, క్యారవాన్ టైర్లలో గాలి సరిచూడాలి అన్నాడు. నేను ఇక్కడున్నాను మహానుభావా అన్నాను. తెలుసులే, ఎక్కడికి పోతావు అన్నాడు.

నలభై నాలుగేళ్ళ కాపురం తర్వాత పెళ్ళాం ముఖం చూడబుద్ధి కాకపోవడంలో వింతేమీ లేదు. కానీ బండి వెనక తగిలించుకుని లాక్కెళ్ళే ఇరవై అడుగుల క్యారవాన్‌లో మిగతా జీవితమంతా ఇద్దరమే ఉండబోతున్నాం. అక్కడ చూసుకోవడానికి ఇంకెవరుంటారు?

ఇల్లు అమ్మేశాం. ఆగస్టు 31న కొన్నవాళ్ళకి తాళాలు ఇచ్చేయాలి. ఆ రోజు నుంచి మా ఇల్లు చక్రాల మీదే. ఇది మెర్వ్ కల. మెల్‌బోర్న్ నుంచి బ్రిస్బేన్‌కి, మా ఊరు డబ్బో మీదుగానే, ముప్పై ఎనిమిదేళ్ళు లారీ నడిపాడు. దేశమంతా చూసేసి ఉంటాడని అందరూ అనుకుంటారు. నేను చూసింది నడిరోడ్డు మీది తెల్లగీత ఒక్కటే అంటాడు. ఈసారి ఆగాలనిపించినచోటల్లా ఆగుతూ పోవాలట. నేను సరే అన్నాను. నిజానికి నాకు నా వంటిల్లు వదలాలని లేదు. ఈ మాట ఎవరికీ చెప్పలేదు.

మే 11, గురువారం

కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చాం. ఇవాళ రాయలేను.

మే 12, శుక్రవారం, ఉదయం 6

రెండు కళ్ళలోనూ నడిచూపు పోతోంది. దేన్ని సూటిగా చూస్తే అది మసకబారిపోతుంది. దాని చుట్టూ ఉన్నది మాత్రం కనిపిస్తుంది. పూర్తిగా గుడ్డివాడు అయిపోడు, కానీ ఇక బండి నడపకూడదు. డాక్టరు చిన్నపిల్ల, ఈ మాట చెప్పడానికి చాలా ఇబ్బంది పడింది. చివరికి మెర్వే ఆమెని ఓదార్చాడు. పర్లేదమ్మా, నువ్వు చేసిందేం కాదుగా అన్నాడు. బయటికొచ్చాక పర్సులోంచి లైసెన్స్ తీసి, బొటనవేలితో ఒకసారి తడిమి, మళ్ళీ లోపల పెట్టుకున్నాడు.

చెవి సంగతి ఇప్పుడర్థమైంది. సూటిగా చూస్తే నా ముఖం ఉన్నచోట బూడిదరంగు మచ్చ ఉంటుందట. చెవి పక్కకి చూస్తే నేను కనిపిస్తానట. ఇన్ని నెలలుగా నన్ను చూడటం కోసమే పక్కకి చూస్తున్నాడు. నేనేమో అలిగాను.

దీన్ని ఎవరూ చదవరు కాబట్టి ఒక నిజం రాస్తాను. ఆ డాక్టరు గదిలో నాకు ముందు కలిగింది హాయి. అమ్మయ్య, ఇక వెళ్ళక్కర్లేదు అనుకున్నాను. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

మే 14, ఆదివారం

మదర్స్ డే. మా అమ్మాయి జోడీ ఆరెంజ్ ఊరి నుంచి తెల్ల చామంతులు పట్టుకొచ్చింది. వాళ్ళింటికి రెండు వీధుల అవతల మంచి యూనిట్, చిన్న ఫ్లాటు లాంటిది, ఖాళీగా ఉందట. మెట్లు లేవట. అమ్మా, నాన్నకి ఇప్పుడు కావాల్సింది అలవాటైన గోడలే, ఆ క్యారవాన్ పిచ్చి ఇక వదిలెయ్యండి అంది. మెర్వ్ పువ్వుల దగ్గరికి వంగాడు. చామంతుల్ని పక్కనుంచి చూసి, బాగున్నాయి అన్నాడు. జోడీ మంచిది. అది చెప్పినదాంట్లో తప్పేమీ లేదు.

మే 20, శనివారం

క్యారవాన్ అమ్మకానికి మెర్వ్ ప్రకటన రాశాడు. లావుపాటి మార్కరుతో, ఒక్కో మాటా అరచేయంత. చదివి పెట్టు నొయెలీన్, నా గీతలు నాకే తెలియట్లేదు అన్నాడు. చదివాను. చివర్లో, ఒక్కసారి కూడా వాడలేదు అని ఉంది.

ఆ ఒక్క వాక్యం రెండోసారి చదివాను. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, నేను తోలతాను అన్నాను. ఆ మాట అన్నదెవరా అని నేనే వెనక్కి తిరిగి చూసుకోవాల్సినంత పనైంది.

మెర్వ్ చాలాసేపు నవ్వాడు. నువ్వు సూపర్‌మార్కెట్ ట్రాలీనే తిన్నగా తోయలేవు కదే అన్నాడు. ట్రాలీ చక్రం మంచిది కాదు అన్నాను. అప్పుడు నవ్వు ఆపాడు. నాకోసం చెయ్యకు, నీకు ఇష్టం లేదని నాకు మొదట్నుంచీ తెలుసు అన్నాడు.

తెలుసట. నేనేమో దాచాననుకున్నాను.

మే 27, శనివారం

ముందుకి నడపడం ఫర్వాలేదు. బండి వెనక మరో బండి ఉందని మర్చిపోకుండా ఉంటే చాలు.

వెనక్కి వెళ్ళడం వేరే సంగతి. ఎడమకి తిప్పితే క్యారవాన్ కుడికి పోతుంది. కుడికి తిప్పితే ఎడమకి పోయి, బండినే కొరకడానికి వచ్చినట్టు మడత పడుతుంది. మెర్వ్ వెనకాల నిలబడి విమానం దింపేవాడిలా రెండు చేతులూ ఊపాడు. సరిగ్గా అద్దంలో కనపడనిచోట నిలబడ్డాడు. అద్దంలో ఉండరా నాయనా అని అరిచాను. అద్దంలోనే ఉన్నాను కదే, ఎడమకి, నా ఎడమకి కాదు నీ ఎడమకి, ఆగు, ఆగమంటే ఆగవేం అని అరిచాడు. నేను ఆగాను. అప్పటికి పోస్టు డబ్బా కింద పడి ఉంది.

అది మాది కాదు ఇప్పుడు, కొన్నవాళ్ళది. పాతికేళ్ళు మా ఉత్తరాలు మోసింది. దానికి సారీ చెప్పాను. మెర్వ్‌కి చెప్పలేదు.

జూన్ 3, శనివారం

మాటల్లేవు.

జూన్ 5, సోమవారం

మాట్లాడుకున్నాం. అతనే ముందు నోరు విప్పాడు. నువ్వు బండి తోలుతున్నందుకు కాదే నా కోపం, నేను పక్కన కూర్చున్నందుకు అన్నాడు. నాకు ఆ మాట చాలు.

జూన్ 10, శనివారం

పశువుల సంత లేని రోజు ఆ మైదానమంతా ఖాళీ. అక్కడ ప్రాక్టీసు చేస్తున్నాం. అంచున ఒక పాత క్యారవాన్ ఆగి ఉంది. దాని ముందు మడత కుర్చీలో ఒక పెద్దావిడ టీ తాగుతూ గంటసేపు మమ్మల్నే చూసింది. ఆఖరికి కప్పు కింద పెట్టి నడిచి వచ్చింది. పేరు డల్సీ. డెబ్భై ఎనిమిదేళ్ళు. ఒక్కతే తిరుగుతోంది. బండికి ఏదో పార్టు రావాలట, అందాకా ఇక్కడే.

అమ్మాయ్, ముందు మీ ఆయన్ని పంపించెయ్, వెళ్ళి టీ పెట్టమను అంది. మెర్వ్ నోరు తెరిచాడు. పాలు ఎక్కువ వెయ్యకు నాయనా, చక్కెర వద్దు అని అటు తిరిగి చెప్పింది. ముప్పై ఎనిమిదేళ్ళు లారీ నడిపినవాడు తల వంచుకుని టీ పెట్టడానికి వెళ్ళాడు.

స్టీరింగ్‌ని పైన కాదు, కింద పట్టుకోమంది. క్యారవాన్ తోక ఎటు పోవాలో చేతిని అటే జరుపు, అంతే అంది. అంతే. ఇన్నాళ్ళూ కుడి ఎడమల లెక్కలు కట్టి బుర్ర పాడుచేసుకున్నాను. అనుమానం వస్తే ఆపి, దిగి, నడిచి వెళ్ళి చూడు, ఇంకొకళ్ళని అడక్కు, దిగడానికి సిగ్గుపడేవాళ్ళే గోడల్ని గుద్దుతారు అంది.

మూడోసారికి, ఆమె గుర్తుగా నిలబెట్టిన రెండు పాల క్యాన్ల మధ్యలోంచి వెనక్కి వెళ్ళాను. దిగి చూసి, మళ్ళీ ఎక్కి, మళ్ళీ దిగి చూశాను. నిజంగానే రెండింటి మధ్యలో ఉంది.

జూన్ 18, ఆదివారం

డల్సీ బండికి పార్టు వచ్చేసింది. రేపు వెళ్ళిపోతోంది. ఆమెకి స్కోన్లు, అవే చిన్న గుండ్రటి రొట్టెలు, చేసి తీసుకెళ్ళాను. మీరు ఒక్కరే ఎలా మొదలుపెట్టారు అని అడిగాను. ఆమె, వాళ్ళాయన ఆరేళ్ళు సిద్ధమయ్యారట. ఇంకో అర బిగించాలి, ఇంకో దీపం పెట్టాలి అని. ఒక రోజు షెడ్డులో కొలత టేపు చేతిలో ఉండగానే ఆయన చనిపోయాడట. అతను కొలుస్తున్న అర ఇప్పటికీ బిగించలేదు అమ్మాయ్, దాని అవసరమే రాలేదు అంది. అని స్కోను కొరికి, ఉప్పు తక్కువైంది అంది.

ఉప్పు సరిపోయింది. ఆమె కళ్ళు తుడుచుకోవడానికి ఏదో ఒక సాకు కావాలి కదా.

జులై 8, శనివారం

వేబ్రిడ్జి మీద క్యారవాన్ తూచాం. ఉండాల్సినదాని కంటే నూట ముప్పై కిలోలు ఎక్కువ. అలా రోడ్డెక్కకూడదు.

ఇంటికొచ్చి అంతా పచ్చిక మీద పరిచాం. నా పెద్ద మిక్సింగ్ యంత్రం పోయింది. ఇనప మూకుళ్ళు పోయాయి. ఇరవై ఆరేళ్ళు బడి క్యాంటీన్‌లో పనిచేసిన దాన్ని, ఇద్దరికి సరిపడా వండటం ఇప్పుడు నేర్చుకోవాలి. జోడీ వచ్చి సాయం చేసింది. యూనిట్ మాట ఎత్తలేదు. నేను క్యారవాన్‌ని వెనక్కి తీసుకెళ్ళి షెడ్డులో పెట్టడం చూసి, అమ్మా, అది నువ్వేనా అంది. ఆ తర్వాత, మీ ఉత్తరాలు మా ఇంటికి రాయించుకోండి అంది. జోడీ ఒప్పుకోవడం అంటే అలాగే ఉంటుంది.

మెర్వ్ రెండు అట్టపెట్టెలు తెచ్చాడు. లారీ డ్రైవర్లు రోజూ నింపాల్సిన పుస్తకాలు, ముప్పై ఎనిమిదేళ్ళవి. చదవమన్నాడు. ఏ ఊళ్ళో బయల్దేరాడు, ఎన్ని గంటలు నడిపాడు, ఎక్కడ పడుకున్నాడు, ఇవే. చదువు, ఇంకా చదువు అన్నాడు. ఇంకేం లేవు మెర్వ్ అన్నాను. అంతేనా అన్నాడు. పెట్టెలు రెండూ తీసుకెళ్ళి పారేశాడు. ఇరవై రెండు కిలోలు తగ్గాయి.

నీ డైరీ మాత్రం నువ్వు తెచ్చుకో, అది బరువు కాదు అన్నాడు.

జులై 22, శనివారం, రాత్రి భోజనాల ముందు

గిల్గాండ్రా ఊళ్ళో ఉన్నాం. మొదటి ప్రయాణం, అలవాటు కోసం. అరవై అయిదు కిలోమీటర్లు. 

బ్రాకిల్‌హర్స్ట్ ఊరు దాటేదాకా మెర్వ్ కాళ్ళతో లేని బ్రేకులు తొక్కుతూనే ఉన్నాడు. లారీలు వెనక వరస కట్టాయి. వాళ్ళకి దారి ఇవ్వు, లేదు ఇవ్వకు, నీ ఇష్టం అన్నాడు. ఆ తర్వాత కిటికీ అద్దానికి తల ఆనించాడు. నిద్రపోయాడనుకున్నాను. ఉన్నట్టుండి, ఆ చెట్టు కింద గుర్రాలున్నాయి, ఒకటి తెల్లది అన్నాడు. నేను తల తిప్పబోయాను. నువ్వు రోడ్డు చూడు అన్నాడు. కాసేపటికి, ఇక్కడో చిన్న చర్చి ఉంది నొయెలీన్, ఇది ఎప్పుడు కట్టారు అన్నాడు. వందేళ్ళ కిందటిదై ఉంటుంది. వారానికి రెండుసార్లు దాని ముందు నుంచే వెళ్ళాడు. తర్వాత ఈము పక్షులు, తల్లీ ఆరు పిల్లలూ. విరిగిన గాలిమర. ఆరేసిన బట్టల్లో ఒకే ఒక ఎర్ర చొక్కా.

నాకు పోయింది మధ్యదేగా, మధ్యలో రోడ్డే కదా ఉండేది, అది నువ్వు చూసుకో, అటూ ఇటూ నేను చూస్తాను అన్నాడు.

కళ్ళు నిండాయి. తుడుచుకోవడానికి చెయ్యి తీయలేను, రెండు చేతులూ స్టీరింగ్ మీద ఉండాలి. అలాగే నడిపాను.

క్యారవాన్లు ఆగే పార్కులో సాయంత్రం నాలుగింటికి అందరూ కుర్చీలు బయట వేసుకుని కూర్చుంటారు, కొత్తగా వచ్చినవాళ్ళు వెనక్కి పెట్టుకునే సంబరం చూడటానికి. పదకొండు మందిని లెక్కపెట్టాను. మెర్వ్‌ని ఒక కొళాయి దగ్గర నిలబెట్టి, మాట్లాడకు అని చెప్పాను. మాట్లాడలేదు. వేరే ఒకాయన నిక్కరు సర్దుకుంటూ లేచి వచ్చి, అమ్మా, కుడికి, ఇంకా కుడికి అని చేతులూపడం మొదలుపెట్టాడు. అద్దం దించి, వెళ్ళి కూర్చోండి, మీ వంతు వచ్చినప్పుడు పిలుస్తాను అన్నాను. బడి క్యాంటీన్లో మూడు వందల మంది పిల్లల్ని వరసలో నిలబెట్టిన గొంతు అది, ఇంకా పనిచేస్తోంది. ఆయన వెళ్ళి కూర్చున్నాడు.

నాలుగుసార్లు దిగి చూశాను. అయిదోసారి దిగేసరికి సరిగ్గా సిమెంటు పలక మీద ఉంది. ఎవరో కప్పు పైకెత్తారు. మెర్వ్ కొళాయి దగ్గర నుంచి కదల్లేదు. ఎక్కడో గేటు వైపు చూస్తున్నాడు. అంటే నన్నే చూస్తున్నాడు.

ఇప్పుడు రాసుకో అన్నాడు. గుర్రాలు, చర్చి, ఈములు, గాలిమర, ఎర్ర చొక్కా. అన్నీ రాశాను.

జులై 23, ఆదివారం, ఉదయం 7

చలికాలం కదా, పచ్చికంతా తెల్లగా మంచు పట్టింది. గ్యాస్ పొయ్యి మీద నాలుగు గుడ్లు, రెండు పళ్ళాలు, రెండు కప్పులు. కడగడానికి రెండు నిమిషాలు పట్టింది. వంటిల్లు గుర్తు రాలేదని రాయబోయాను. అబద్ధం. గుర్తొచ్చింది. కానీ దాని కిటికీలోంచి ఎప్పుడూ ఒకే కంచె కనిపించేది.

మెర్వ్ జబ్బుకి థాంక్స్ చెప్పలేను. అంత మంచిదాన్ని కాను. కానీ ఆ ప్రకటన చదివి పెట్టమని నన్ను అడిగినందుకు చెబుతాను. తనే పంపించేసి ఉంటే ఈపాటికి మెట్లు లేని యూనిట్లో టీవీ చూస్తుండేవాళ్ళం.

ఆగస్టు 19, శనివారం

కొత్త పోస్టు డబ్బా పెట్టించాం. పాతదానికంటే బాగుంది.

ఆగస్టు 31, గురువారం, ఉదయం 11

తాళాలు ఇచ్చేశాం. ఊరు దాటాం. టీకి ఆగినచోట రాస్తున్నాను.

పొద్దున, మా అమ్మ ఎప్పుడో ఇచ్చిన ముత్యాల కమ్మలు పెట్టుకున్నాను, మెర్వ్ చూసేది అక్కడికేగా అని. పెట్టుకున్నాక గుర్తొచ్చింది. అతను చూసే చెవే అతనికి కనిపించదు. కనిపించేది నా ముఖం. అయినా తీయలేదు.

బ్రాకిల్‌హర్స్ట్ దాటాక గుర్రాలు రాలేదా అని అడిగాను.  కిటికీ వైపు తిరిగి లేడు. నా ఎడమ చెవి వైపు తిరిగి ఉన్నాడు, చాలాసేపటి నుంచి.

ఏంటి అన్నాను.

నువ్వు రోడ్డు చూడు అన్నాడు.