సలహాలు మానేసిన శీతాకాలం

డిసెంబరు 1, ఉదయం 6.10

ఈ రోజు నుంచి ఎవరికీ సలహా ఇవ్వను. ఫిబ్రవరి ఆఖరు దాకా. తొంభై రోజులు.

కారణం రాసుకోవాలి, లేకపోతే నాకే గుర్తుండదు. మేము ఈ కొండవాలుకు వచ్చి ఆరు నెలలయింది. ఇక్కడ ఇరవై ముగ్గురం. మా తిండి మేమే పండించుకుంటాం, మా ఇళ్లు మేమే కట్టుకుంటాం, మా మలమూత్రాలు కూడా ఎరువవుతాయి. దీన్ని పెర్మాకల్చర్ అంటారు. రావాలన్నది మా ఆవిడ కోరిక. కొత్తగా వచ్చినవాళ్లు ఒక చలికాలం గడపాలి, ఆ తర్వాత అందరూ కూర్చుని ఉంచాలో వద్దో తేలుస్తారు. ఇది ఇక్కడి నియమం.

నిన్న పెద్దాయన మమ్మల్ని పిలిచారు. ఈ చోటును మొదలుపెట్టింది ఆయనే. మా ఆవిడ గురించి ఎవరూ ఏమీ అనలేదట. నా గురించి పదకొండు ఫిర్యాదులు. పదకొండూ ఒకటే: సలహాలు. అవసరమైతే ఆవిడ ఒక్కరే ఉండిపోవచ్చని ఆయన ఎంతో మృదువుగా చెప్పారు. ఇంటికి వస్తూ మా ఆవిడ నాకంటే పది అడుగులు ముందు నడిచింది.

ముప్పై ఏళ్లు డ్రైవింగ్ నేర్పాను. పక్క సీట్లో కూర్చుని చెప్పడమే మాకు అన్నం పెట్టింది. ఇక్కడ అది నేరమట. సరే.

గోడ మీద బొగ్గుతో తొంభై గళ్లు గీశాను. నియమాలు: నోరు తెరవకూడదు. తల అడ్డంగా ఊపకూడదు. అర్థవంతంగా దగ్గకూడదు.

సాయంత్రం 5.00. సలహాలు: సున్నా. ఇంత తేలికా!

డిసెంబరు 3

పొద్దున టీ దగ్గర నా దీక్ష గురించి అందరికీ చెప్పాను. దాని లాభాలు వివరించాను. వాళ్లూ ఇలాంటిది ఏదైనా పట్టమని కోరాను. నలభై నిమిషాలు పట్టింది. అది సలహానే అని మా ఆవిడ అంటుంది. అనుభవం పంచుకోవడం సలహా ఎలా అవుతుంది? గడి నింపాను.

డిసెంబరు 6

పొడి మరుగుదొడ్డి పని ఈ వారం నాదీ, మేకలు కాసే ఆవిడదీ. నీళ్లకు బదులు ప్రతిసారీ గుప్పెడు రంపపు పొట్టు చల్లాలి. ఆవిడ రెండు గుప్పెళ్లు చల్లుతోంది. రెండుసార్లు దగ్గాను. చలికాలం, దగ్గు సహజం.

గడి నింపాను.

డిసెంబరు 9

వడ్రంగి గాజు గది పూర్తి చేశాడు. కూలగొట్టిన ఇళ్ల కిటికీలన్నీ పోగుచేసి నాలుగు నెలలు కష్టపడి కట్టాడు. లోపల మా ఆవిడ, వచ్చినప్పటి నుంచి దాచిన విత్తనాలతో పెంచిన నారు నాటింది. ఆకుకూరలు, క్యాబేజీ, ఉల్లి. వసంతం వచ్చేదాకా ఇరవై ముగ్గురికి పచ్చగా కనిపించేది ఇదొక్కటే.

తలుపు తప్పు వైపు తెరుచుకుంటోంది. చీటీ మీద రాసి అతని ఉలి కింద పెట్టాను. నియమంలో ఉన్నది నోరు, చెయ్యి కాదు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర అతను ఆ చీటీ పైకి చదివాడు. అందరూ నవ్వారు. మా ఆవిడ కంచం వైపు చూస్తూ తింది.

నోట్లో నువ్వు గింజ నానదని మా అమ్మ నన్ను చిన్నప్పుడే అనేది. తల్లికి తెలియనిదేముంది. సగం గడి నింపాను.

డిసెంబరు 12

బాల్చీలో నీళ్లు గడ్డకట్టాయి. పైన షెడ్డు దగ్గర ఎండు కట్టెలన్నీ మధ్యాహ్నం నుంచి తోపుడు బండికెత్తారు. రేపు వంటింటికి దించాలి.

సాయంత్రం 4.20. బండి వాలు మీద నిలబెట్టి ఉంది. మేకలావిడ దానికి తాళ్లు బిగిస్తోంది. చక్రం కింద రాయి లేదు. తిన్నగా కిందకు చూస్తే గాజు గది.

ముప్పై ఏళ్లలో కొన్ని వందల మందికి చెప్పిన మొదటి పాఠం అదే: వాలులో ఆపితే ముందుగా చక్రం సంగతి చూడు. నా కుడికాలు దానంతటదే నేలను తొక్కింది, బ్రేకు ఉందనుకుని. మాట గొంతు దాకా వచ్చింది. మింగేశాను. ఆవిడ దగ్గరకు వెళ్లి, చలి ఎక్కువగా ఉందని మాత్రం అని వచ్చేశాను.

ఇది విజయం. గడి రెండుసార్లు నింపాను.

డిసెంబరు 13

ఉదయం 6.40. పెద్ద శబ్దం. నేలంతా మంచు గట్టిపడి, బండి జారి, గాజు గది మధ్యలోకి దూసుకెళ్లింది. ఎవరికీ దెబ్బలు తగల్లేదు. కానీ చలి లోపలికొచ్చేసింది. ఎనిమిదికల్లా నారంతా నల్లబడి నేలకు అతుక్కుపోయింది. వడ్రంగి గాజు పెంకులు ఏరుతున్నాడు. మేకలావిడ చక్రం పట్టుకుని కూర్చుండిపోయింది.

11.00. సమావేశం. ప్రతి నష్టం నేల నేర్పే పాఠమే అని పెద్దాయన అన్నారు. పాఠం చాలాసేపు సాగింది. నిన్న ఎవరైనా ఏమైనా గమనించారా అని చివర్లో అడిగారు. అంతా మౌనం. నేనూ. చెబితే సలహా అవుతుందేమోనని.

2.30. మా ఆవిడ నల్లబడ్డ మట్టిలో బతికిన వేరేమైనా ఉందేమోనని వెతుకుతోంది. పక్కన కూర్చుని జరిగింది చెప్పాను. దాచడం ఎందుకు, మెచ్చుకుంటుందనే చెప్పాను.

"నేను నిన్ననే చూశాను. అయినా నోరు మెదపలేదు, తెలుసా?"

ఆమె చేతులు ఆగలేదు. వెతుకుతూనే అంది:

"నోరు మెదపనని కదా ఒట్టు. రాయి పెట్టడానికి నోరెందుకండీ?"

 

డిసెంబరు 14

నా తప్పు లేదని చెప్పే కారణాలు రాసుకున్నాను. ఒకటి: బండి నాది కాదు. రెండు: మాట్లాడొద్దన్నది వాళ్లే. మూడు: మూడోది రాయబోతే మేకలావిడ కిటికీ ముందు నుంచి వెళ్లింది. నిన్నటి నుంచి ఆవిడ ఎవరి ముఖమూ చూడటం లేదు.

సాయంత్రం మళ్లీ సమావేశం. లేచి నిలబడ్డాను. రాయి లేదని చూశాను, చూసి వెళ్లిపోయాను అని చెప్పాను. మేకలావిడ తల ఎత్తింది.

అక్కడితో కూర్చోవాల్సింది. కూర్చోలేదు. అసలు వాలు మీద బరువు ఎలా పనిచేస్తుందో మొదలుపెట్టాను. గోడ మీద బొమ్మ గీశాను. ముప్పై ఐదు నిమిషాలయ్యాక వడ్రంగి లేచాడు.

"మాష్టారూ, పెంకులు ఇంకా ఉన్నాయి. ఏరుతూ చెప్పండి."

పెద్దాయన కూడా నవ్వారు. మా ఆవిడ నవ్వలేదు. వెళ్లి ఏరాను.

డిసెంబరు 16

కొత్త నియమం, వడ్రంగి పెట్టాడు: నేను ఏం చెప్పినా చేతిలో పని ఉండగానే చెప్పాలి. మంచిదే. వంగితే ఊపిరి అందదు, ఊపిరి అందకపోతే సలహా రాదు. వేళ్లకు నాలుగు కోతలు. సలహాలు: మూడు.

డిసెంబరు 18

సలహాలు: తొమ్మిది. మేకుకు సుత్తి ఎలా తగలాలో చేతులతో చూపిస్తే గానీ అర్థం కాదు కాబట్టి సుత్తి కింద పెట్టాను. వడ్రంగి దాన్ని తీసి నా చేతిలో పెట్టాడు. ఇలా ఆరుసార్లు.

డిసెంబరు 19

లెక్క మానేశాను. ఒక మేకకు కూడా చెప్పాను. అది విన్నది.

ప్రసంగాలు తగ్గించుకోమని పెద్దాయనకు చెప్పాను. నిజం చెప్పినందుకు ఆయన నన్ను కౌగిలించుకుని, నిజాయితీ గురించి గంటసేపు మాట్లాడారు. గోడ మీది గళ్లన్నీ తుడిచేశాను. మసి చొక్కాకు అంటింది.

డిసెంబరు 21, ఉదయం 10.00

గాజు గదిలో సగానికి అద్దాలు బిగించాం. మా ఆవిడ చిన్న గుడ్డ మూట తెచ్చింది. వచ్చే ఏడాదికని పక్కన పెట్టిన విత్తనాలు, ఇక మిగిలినవి అవే. ఇప్పుడు వేస్తే చలికి పోవచ్చు. పోతే ఆ రకాలు ఇక లేవు. వేయకపోతే చలికాలమంతా నిల్వ ఉంచిన గుమ్మడికాయే.

"వేయనా, ఉంచనా?" అని అడిగింది.

నోరు తెరిచాను. లోపల ఏమీ లేదు.

"నాకు తెలియదు" అన్నాను.

ఆమె నా వైపు చాలాసేపు చూసింది. సగం వేసి సగం ఉంచుదామంది. నేను మట్టి నింపుతూ ఉన్నాను, ఆమె గింజలు పెడుతూ ఉంది. డిసెంబరు ఒకటి నుంచి నోట్లో నలుగుతున్న ప్రశ్న అప్పుడు అడిగాను.

"వాళ్లు నన్ను పొమ్మంటే నువ్వు ఉండిపోతావా?"

"ఉంటానండీ" అంది, గింజ పెడుతూనే. ఆ తర్వాత మట్టి చదును చేస్తూ, "మీరూ ఉండేలా చూసుకోండి" అంది.

డిసెంబరు 22

6.10. రాత్రి మంచు తక్కువ. నేను దీక్ష మళ్లీ మొదలుపెడుతున్నాను. ఫిబ్రవరి ఆఖరుకు ఇంకా అరవై తొమ్మిది రోజులు. ఈసారి గోడ మీద గీయలేదు.

6.25. పొయ్యి దగ్గర వడ్రంగికి ఒక్కటి చెప్పాను. చిన్నదే. చేతుల్లో కట్టెలున్నాయి.

6.40. రెండోది. అప్పటికి కట్టెలు దించేశాను.

6.45. మళ్లీ మొదలు.