అమ్మ కొట్టిచ్చిన బొండం

తమ్ముడూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున్నే అమ్మ నీ ఫొటోకి దండ వేసింది. ఆ తర్వాత నాకోసం బొండం కొట్టింది.

నీకొచ్చిన జబ్బే నాకూ వచ్చింది. కాలి బొటనవేలు వాచిపోయి, దుప్పటి తగిలినా ప్రాణం పోతోంది. యూరిక్ యాసిడ్ ఎక్కువట, కిడ్నీలూ దెబ్బతిన్నాయట. నిన్ను చూసిన అమలాపురం డాక్టరుగారే చిన్న మోతాదు మాత్రతో మొదలుపెట్టి, రక్తపరీక్ష చూసుకుంటూ మెల్లగా పెంచుతున్నారు. నొప్పి బిళ్లలు ముట్టుకోవద్దన్నారు. కొబ్బరినీళ్ల సంగతి నేను అడగలేదు. అది నాకు ముందే తెలుసు.

నువ్వు పోయిన రోజు ఆసుపత్రి వరండాలో ఆయన నాతో అన్నారు: “కిడ్నీలు పాడైతే కొబ్బరినీళ్లు పడవండి. అందులోని పొటాషియం బయటికి పోక గుండె ఆగిపోయిందండి. రోజూ ఎవరిచ్చేరండీ?”

మన ఊళ్లో జబ్బుపడ్డ బిడ్డకి బొండం కొట్టివ్వని తల్లి ఎవరు?

“తాగమ్మా, యాసిడ్ అంతా కడిగేసుద్ది. తమ్ముడు గుక్క తిప్పుకోకుండా తాగేవోడు,” అంటూ అమ్మ గ్లాసు చేతికిచ్చింది. మన పెరటి చెట్టు కాయే. అప్పట్లో నీకోసమని ఆ చెట్టు మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనిచ్చేది కాదుగా.

అమ్మ లోపలికి వెళ్లేదాకా గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఆ చెట్టు మొదట్లోనే పోసేశాను. ఖాళీ గ్లాసు చూసి అమ్మ ముఖం వెలిగింది. రేపూ కొడుతుంది.

నేను చెప్పను. ఎప్పటికైనా అమ్మ నీ దగ్గరికి వస్తే, నువ్వూ చెప్పకు.

అక్క