బాయిల దొరికిన ఇనుము

శ్రావణ మాసం, 1952

బొగ్గుబాయి కాడ పనిజేస్తున్న మీకు, మీ ఇంటిది రాజమణి దండం పెట్టి రాసేది. ఈడ అందరం పానాలతోని ఉన్నం. మీ పానం జర చూసుకోండ్రి.

వాన ఇంక పడలే. ఎర్రెద్దు కుంటుతాంది, నకిరేకల్ నుంచి మందు తెప్పించి కట్టినం. చిన్నదానికి మాటలొస్తున్నయా అని అడిగిండ్రు. "బాపు" అంటాంది, కానీ ఎవర్ని చూసినా గదే మాట.

పూడిక తీస్తుంటే మీ తమ్ముడు భిక్షపతికి బాయిల దొరికిన ఇనుము ఏందో తెలిసిందా అన్నరు. అది మూరెడు పొడుగుంటది. మొన సన్నగ, గంటె లెక్క లోపలికి వంగి ఉంటది. ఎనుక కట్టె దూర్చే బొర్ర. కమ్మరి రామచంద్రయ్య గిసొంటిది ఎన్నడు చెయ్యలేదన్నడు. ఊరి పటేలు మాత్రం ఈటె అన్నడు.

ఇగ దాచలేను. పోయిన జాబుల మీకు రాయలే. పటేలు ఈటె అన్న మాట పట్టుకొని పోలీసులు భిక్షపతిని తీస్కపోయిండ్రు. ఎనుకట ఎర్రజెండా సంగపోల్లతోని తిరిగినోడు గదా, ఆయుధాలు దాసిండన్నరు. మీరు పని ఇడిసి ఉరికొస్తరని భయపడ్డ.

అత్తమ్మ అప్పుడు తిరుమలగిరిల బిడ్డ ఇంటికాడ ఉండె. కబురు ఇని వచ్చింది. ఇద్దరం ఠాణాకు పోయినం. ఠాణా పెద్ద అమీను బల్ల మీది ఇనుము చూపిస్తే, అత్తమ్మ చేతిలకు తీస్కొని మొన తడిమి చూసింది.

"ఇది ఈటె కాదు సారు, ఎలుక బొక్కలు తవ్వేది. పెద్ద కరువుల నా పెనిమిటి చేయించిండు. ఎలుకలు దాసుకున్న జొన్నలు తీసి, కడిగి, గటక కాసుకొని తాగినం. అప్పుడు నా పెద్దకొడుకు కడుపుల ఉండె."

మరి బాయిలకు ఎట్లొచ్చిందని అమీను అడిగిండు. వానలు పడ్డంక మామ సిగ్గుపడి, పుట్టేటోల్లకు తెల్వొద్దని పారేసిండట. అమీను నమ్మలే. అత్తమ్మ ఠాణా ఎనుక గట్టు మీద బొక్క ఎతికి, మోకాళ్ల మీద కూసొని తవ్వింది. బొక్క ఎటు తిరిగితే మొన అటు పోయి మట్టి తీస్కొచ్చింది. సాక్ష్యానికొచ్చిన పటేలు నిలవడి చూసిండు. పొద్దు గూకేటాల్లకు భిక్షపతిని ఇడిసిండ్రు. వీపు మీది దెబ్బలు మానుతున్నయి, ఫికర్ చెయ్యకుండ్రి.

కానీ ఎలుక బొక్కల జొన్నలు తిన్నరన్న మాట ఊరంత పాకింది. అత్తమ్మ గడప దాటుతలేదు. మొన్న పొయ్యి కాడ మెల్లగ అన్నది, "పెద్దోనికి రాయకు బిడ్డా. ఏం తిని కన్ననో తెలిస్తే వానికి ముద్ద దిగదు."

అయినా రాసిన. ఊరోల్ల నోట ఇనుడు కంటే నా చేత తెలుసుడు మంచిదనిపించింది. నాకు శాన అలుపుగ ఉన్నది, ఇంక రాయ శాతనైతలేదు. మీరు వచ్చినప్పుడు గా మాట ఎత్తకుండ్రి. అత్తమ్మ పెట్టింది తినుండ్రి. తిని, ఇంకింత పెట్టుమని అడుగుండ్రి.

ఇట్లు,
మీ ఇంటిది
రాజమణి