ఏడో పాఠం లెక్కల మాస్టారికి ఇప్పించుట గురించి

విద్యాధికారి గారి సముఖమునకు, ఉన్నత పాఠశాల భాషోపాధ్యాయుడు హెడ్మాస్టరు గారి ద్వారా పంపుకొను అర్జీ.

విషయం: పదకొండో తరగతి వాచకంలోని యుద్ధకథను బోధించు పని నుండి నన్ను తప్పించవలెనని.

అయ్యా,

1. సదరు కథలో ఒక సైనికుడు గాయపడి వంతెన కింద రెండు రోజులు పడి ఉండి, ఇంటి తలుపుకు గొళ్లెం పెట్టానో లేదో గుర్తు చేసుకుంటూ చనిపోవును. యుద్ధానికి ఎవరూ పోకూడదని వ్రాసిన కథ. అందులో నాకు సందేహం లేదు.

2. అయితే నేను చదివితే పిల్లలు పోతున్నారు. నా గొంతు బాగుంటుందని అందరూ అందురు. వంతెన దగ్గరికి వచ్చేసరికి అది దానంతటదే వణుకును. తరగతి కిక్కురుమనదు. గత ఆరేళ్లలో, ఆ పాఠం అయిన నెల తిరక్కుండా సైన్యంలో చేరినవారు పంతొమ్మిది మంది. తమ కార్యాలయం వారు నా పఠనానికి ప్రశంసాపత్రం కూడా ఇచ్చి ఉన్నారు.

3. అందులో నలుగురు తిరిగి రాలేదు. వారి ఫొటోలు స్టాఫ్‌రూమ్ పక్కన వరండాలో ఉన్నవి. మొదటి ఫొటో పెట్టిన రోజు నాకు అన్నం సహించలేదు. నాలుగోది పెట్టినప్పుడు, మేకు సరిగా దిగలేదని అటెండరుకు చెప్పి తరగతికి పోయినాను. ఇప్పుడు ఏమీ అనిపించదు. అనిపించకపోవడం తప్పని తెలుసు, అంతవరకే.

4. ఈ ఏడాది ఆ తరగతిలో నా మేనకోడలు ఉన్నది. అక్కా బావా పోయాక, నాలుగో ఏటి నుంచి నా ఇంట్లోనే పెరిగిన పిల్ల. వచ్చే వారం ఏడో పాఠం. భయంగా ఉన్నది.

5. లెక్కల మాస్టారు ఏది చదివినా ఎక్కాలు అప్పజెప్పినట్టే ఉండును. వారిని అడగగా, "చదవమంటే చదువుతా గానీ, పది నిమిషాలయ్యాక ఎవడూ మెలకువగా ఉండడు, ముందే చెబుతున్నా" అన్నారు. నాకు కావలసినది అదే. హెడ్మాస్టరు గారు మాత్రం, "మీలాంటి గొంతు ఇక్కడుండగా ఆయనెందుకండీ? పైనుంచి కాగితం తెస్తే చూద్దాం" అన్నారు.

కావున ఆ కాగితం ఈ వారం లోపల దయచేయించవలెనని నా మొర. చిత్తగించవలెను.

తమ విధేయుడు,
భాషోపాధ్యాయుడు

తా.క.: ఈ అర్జీ సంతకం కోసం హెడ్మాస్టరు గారి బల్ల మీద పది రోజులున్నది. ఈలోగా పాఠం వచ్చింది. నేనే చదివాను. గోడవైపు తిరిగి, గొంతు ఎత్తకుండా దించకుండా, హాజరు పిలిచినట్టు చదివాను. వెనక బెంచీల వాళ్లు నిద్రపోయారు. బతికిపోయాననుకున్నాను.

సాయంత్రం మా పిల్ల పక్కన వచ్చి కూర్చుంది. "మామయ్యా, ఇదివరకు నువ్వు ఏ పాఠం చదివినా కథలా ఉండేది. ఇవాళ నిజంగానే అలా చచ్చిపోతారనిపించింది. అక్కడ పక్కన ఎవరో ఒకరు ఉండాలి కదా" అంది. సైనిక ఆసుపత్రిలో నర్సు శిక్షణకు దరఖాస్తు నా ముందు పెట్టింది. పద్దెనిమిది నిండలేదు కాబట్టి నా సంతకం కావాలట. సోమవారం ఆఖరు తేదీ.

అయ్యా, వద్దనడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. తమ దగ్గర ఉంటే వెంటనే వ్రాయండి.