మూడు నంబర్ల నోటుబుక్కు

యాభై ఏళ్ళ వయసులో, డయాలిసిస్ గది బయటి బెంచీ మీద కూర్చుని, ఎవరి ఒత్తిడీ లేకుండా నా అంతట నేనుగా రాస్తున్న వీలునామా ఇది. మూత్రపిండాలు పాడయ్యాయి గానీ బుద్ధి స్థిరంగానే ఉంది. ఆ మాట డాక్టరు రాసిచ్చిన కాగితం జతపరిచాను. ఇంతకుముందు వీలునామా ఏదీ రాయలేదు. దేవుణ్ణి తలచుకుని మొదలుపెడుతున్నాను.

1. నా రెండు గదుల ఇల్లు, అందులోని సామానుతో సహా, నా తదనంతరం నా చెల్లెలికి సర్వహక్కులతో చెందవలెను. ఈ వీలునామా అమలు చేసే బాధ్యత కూడా తనదే. అయితే అమ్మా, ఆ ఇంట్లో కాపురం పెట్టకు. అద్దెకు ఇవ్వమని కూడా చెప్పలేను. కారణం మూడో అంశంలో ఉంది.

2. నా ప్రార్థన పుస్తకం చెల్లెలి కూతురికి. డెబ్బయ్యో పేజీలో మరక ఉంటుంది. పెద్దమ్మ ఏడ్చిందనుకోకు తల్లీ, టీ ఒలికింది. ఏడ్చిన పేజీలు వేరే ఉన్నాయి, అవి శుభ్రంగానే ఉంటాయి.

3. నీలం అట్ట నోటుబుక్కు ఒకటి. నేను విడిచిపోతున్న వాటిలో విలువైనది ఇదొక్కటే, కాబట్టి వివరంగా రాస్తున్నాను.

మా విశ్వవిద్యాలయంలో బహుశాస్త్ర సమన్వయ పరిశోధన కేంద్రం అని ఒకటి ఉండేది. ఆ పేరు బోర్డు మీద ఒక వరుసలో పట్టక రెండు వరుసలైంది. మా కాలనీలో ఇంతమందికి మూత్రపిండాలు ఎందుకు చెడుతున్నాయో నీళ్ళ విభాగం, వైద్య విభాగం, సమాజశాస్త్ర విభాగం కలిసి కనిపెట్టాలని దాన్ని పెట్టారు. నేను అక్కడ అటెండరును. సీసాలకు చీటీలు అంటించడం, టీ పెట్టడం, కాలనీలో దారి చూపించడం నా పని. మూడు విభాగాల పెద్దలు ముగ్గురూ మా వీధికి వచ్చినప్పుడల్లా తాగడానికి నీళ్ళు వెంట తెచ్చుకునేవారు. ఆ ఒక్క విషయంలో ముగ్గురిదీ ఒకే మాట.

నీళ్ళ ప్రొఫెసరుగారు కుళాయిలకు నంబర్లు వేశారు. డాక్టరుగారు రోగులకు వేశారు. సమాజశాస్త్రం మేడమ్ కుటుంబాలకు వేసి, పేర్లు కొట్టేశారు. మూడేళ్ళ తర్వాత అన్నీ ఒక బల్ల మీద పెట్టి చూస్తే, ఏ రోగి ఏ కుళాయి నీళ్ళు తాగాడో ఎవరికీ తెలియలేదు. ఎవరి నంబరు అసలు నంబరు కావాలన్న దాని మీద పదకొండు సమావేశాలు జరిగాయి.

మూడు బృందాలతోనూ తిరిగింది నేనొక్కదాన్నే. రోగి ఉన్న ఇంటికొక గీత చొప్పున మూడు నంబర్లూ ఈ పుస్తకంలో రాసుకున్నాను. మా ఆయన గీత: కుళాయి 9, కుటుంబం 114, రోగి 38. కాలనీలో మంచం పట్టిన పదిహేడుమందిలో పదమూడుమంది తొమ్మిదో కుళాయి దగ్గరో, దాని పక్క కుళాయి దగ్గరో ఉన్నారు. నేను హైస్కూలు దాకా చదివినదాన్ని. ఇది రుజువో కాదో చెప్పలేను.

ఏడో సమావేశంలో టీ ట్రేతోపాటు పుస్తకం కూడా బల్ల మీద పెట్టాను. నీళ్ళ ప్రొఫెసరుగారు "పుస్తకం తీసెయ్యమ్మా, టీ ఒలుకుతుంది" అన్నారు. మేడమ్ నాలుగు పేజీలు తిప్పి, "పేర్లు రాసేశావా? ఇది బయటికొస్తే అందరి ఉద్యోగాలూ పోతాయి. చింపెయ్" అన్నారు. డాక్టరుగారు ఫోనులో ఉన్నారు. నేను సరేనన్నాను. చింపలేదు. కానీ నోరూ విప్పలేదు. "అక్కా, నువ్వు గొణిగితే దేవుడికి వినపడుతుందేమో గానీ ప్రొఫెసర్లకి వినపడదు" అని చెల్లెలు ఎప్పుడూ ఎగతాళి చేసేది. ఆ రోజు మా ఆయన ఇంకా నడుస్తున్నారు. ఇది రాయకుండా సంతకం పెడితే తప్పవుతుంది.

తర్వాత పుస్తకంలో ఉన్న నలభై మూడు ఇళ్ళకీ తిరిగి, పేరు ఉండటం సమ్మతమేనని అందరి చేతా సంతకాలు పెట్టించాను. అవి పూర్తయ్యేసరికి కేంద్రం మూసేశారు. గదిలో పాత పరీక్ష పేపర్లు పోశారు. అయినా ముగ్గురి దగ్గరికీ విడివిడిగా వెళ్ళాను. "కుళాయిల సంగతి నాది కాదమ్మా" అన్నారు డాక్టరుగారు. "రోగుల సంగతి డాక్టర్ని అడుగు" అన్నారు నీళ్ళ ప్రొఫెసరుగారు. "పాపం, నాకూ చేయాలనే ఉంది, కానీ ప్రాజెక్టు అయిపోయిందిగా" అన్నారు మేడమ్.

4. ఆ నోటుబుక్కు ముగ్గురికీ ఉమ్మడిగా చెందవలెను. ముగ్గురూ ఒకే రోజు, ఒకే గదిలో, ఒకే కాగితం మీద సంతకం పెడితేనే చెల్లెలు ఇవ్వవలెను. సంవత్సరంలోపు రాకపోతే, కాలనీలో వాళ్ళందరికీ చదివి వినిపించవలెను. ఆ ముగ్గురూ రారు. చదివి వినిపిస్తే మాత్రం కాలనీవాళ్ళు ఏం చేస్తారు, దగ్గర్లో ఇంకో మంచి కుళాయి ఎక్కడుంది? అయినా వినిపించు.

5. కేంద్రం గది తాళంచెవి రెండోది నా దగ్గరే ఉండిపోయింది. తిరిగి ఇచ్చేయవలెను. దొంగతనంగా ఉంచుకోలేదు, ఎవరూ అడగలేదు.

6. నా శరీరం వైద్య విభాగానికి చెందవలెను. మట్టికి ఇవ్వవలసినదాన్ని మనుషులకు ఇస్తున్నందుకు దేవుడు కోప్పడడని నమ్ముతున్నాను. నా చేతికి కట్టే చీటీ మీద మూడు నంబర్లూ ఉండవలెను. ఆ చీటీ నేనే రాసి ఈ కాగితానికి పిన్ను పెట్టాను. రోగి నంబరు మాత్రం నాకు లేదు. కేంద్రం మూశాక నంబర్లు వేయడం ఆపేశారు. అందుకని మా ఆయనదే వేసి, పక్కన "భార్య" అని రాశాను.

చదివి, చదివించుకుని, సరిగానే ఉందని సంతకం చేస్తున్నాను.

నవంబరు 14, శుక్రవారం

సంతకం
(మాజీ అటెండరు. కుళాయి 9, కుటుంబం 114)

సాక్షులు:

డయాలిసిస్ వార్డు నర్సు. వేరే కాలనీ.

మా పక్కింటి దర్జీ. కుళాయి 9, కుటుంబం 115. పోయిన వారం నుంచి కాళ్ళు వాస్తున్నాయట, పరీక్షకు వచ్చాడు.